తరగతి పద్దు, చేని పద్దు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు లక్ష ఎకరాల దాకా నాట్లు వేయకుండా వదిలేశారు. పంట విరామం అన్న మాట అప్పుడు దేశమంతా వినపడింది. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. పార్టీలు, సంఘాలు, పత్రికలు ఎవరి కారణాలు వాళ్లు చెప్పారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో బీకాం పిల్లలకు కాస్ట్ అకౌంటింగ్‌లో ఏటా ఒక లెక్క చెబుతారు. అమ్మిన ధరలోంచి చలన వ్యయం పోగా ఎంత మిగులుతోంది, ఆ మిగులు స్థిర వ్యయంలో ఎంత భాగాన్ని తీరుస్తోంది, ఏమాత్రం తీర్చలేకపోతే ఫ్యాక్టరీని కొన్నాళ్లు మూసెయ్యడమే మేలా అని. దాని పేరు షట్‌డౌన్ పాయింట్. చేలో రైతు వేసుకున్నదీ, బోర్డు మీద మాస్టారు వేసిందీ ఒకే లెక్క. కోనసీమలో అకౌంట్స్ చదువు మీద నాకున్న ఫిర్యాదంతా ఒక్కటే: ఈ రెండు లెక్కలూ ఒకే కాలువ గట్టున ఉండి ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

అందుకే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది పాఠ్యపుస్తకం. అమలాపురంలో ఎస్‌కేబీఆర్ కాలేజీ 1951లో పుట్టింది. ఇక్కడి కాలేజీలు చాలాకాలం ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండి, 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చాక రాజమహేంద్రవరం వైపు తిరిగాయి. పుస్తకాలూ మారాయి. ఒకప్పుడు తెలుగు అకాడమీ పుస్తకంలో జంటపద్దు, ఆవర్జా, అంకణా, ఆస్తి అప్పుల పట్టీ చదివి పరీక్ష రాసిన తరాలున్నాయి. 2021-22 నుంచి డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియం అయింది. 2023-24లో ఒకే మేజర్ సబ్జెక్టు, కావాలంటే నాలుగో ఏడాది ఆనర్స్ అన్న పద్ధతి వచ్చింది. మాధ్యమం మారింది, సెమిస్టర్లు వచ్చాయి, ట్యాలీ వచ్చింది. ఉదాహరణలు మాత్రం కదల్లేదు. తరుగుదల లెక్కంటే ఇప్పటికీ ఏదో కంపెనీ జనవరి ఒకటో తారీఖున యంత్రం కొంటుంది, బిగించడానికి కొంత ఖర్చు పెడుతుంది, మూడో ఏడాది మధ్యలో దాన్ని అమ్మేస్తుంది. అకాడమీ పుస్తకంలోనూ అదే యంత్రం, జైన్, నారంగ్‌ల లావుపాటి పుస్తకంలోనూ అదే యంత్రం. కనుక తెలుగు మీడియమా ఇంగ్లిషు మీడియమా అన్న తగువు ఈ విషయంలో నాకు పెద్దగా పట్టదు. ఏ భాషలో చెప్పినా కోనసీమ పిల్ల తన పెరట్లో లేని వస్తువుకే తరుగు కడుతోంది.

రెండో పద్దు ఒకచోట దొరకదు. కొంత రైతు జేబులోని చిన్న డైరీలో, కొంత ఎరువుల కొట్టు ఖాతాలో, కొంత ధాన్యం కొన్న వ్యాపారి పుస్తకంలో, చాలా భాగం ఇంటి ఆడవాళ్ల జ్ఞాపకంలో ఉంటుంది. ఇంకొంత ఢిల్లీలో, వ్యవసాయ వ్యయాలు ధరల కమిషన్ పట్టికల్లో. ఆ పట్టికల సంగతి తర్వాత చెబుతాను.

ముందు కొబ్బరిచెట్టు. పొడుగు రకం మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు. ఆ తర్వాత ఆరు పదుల ఏళ్లకు పైగా కాస్తుంది. కాపు రాని ఏళ్లలో పెట్టిన ఎరువు, నీరు, కూలి అంతా పెట్టుబడి ఖర్చు. కాపు మొదలయ్యాక ఆ మొత్తాన్ని చెట్టు ఆయుష్షు మీద పంచాలి. చివరికి దూలాలకూ, కట్టెలకూ వచ్చే డబ్బు తుక్కు విలువ. తరుగుదల అధ్యాయానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ ఉంటుందా? అకౌంటింగ్ లోకం ఇది గుర్తించి పదేళ్లు దాటింది కూడా. వ్యవసాయానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 41 మొదట్లో తోట చెట్టుకు కూడా ఏటేటా మార్కెట్ విలువ కట్టమంది. పామాయిల్ తోటల మలేసియా ముందు నిలబడి వాదించింది: ఈ చెట్టును మేం అమ్మం, దానితో పండిస్తాం, కనుక అది యంత్రం లాంటిదే అని. 2014లో ప్రమాణం సవరించారు. ఏళ్ల తరబడి కాసే చెట్టు స్థిరాస్తుల జాబితాకు వెళ్లింది, దాని మీది కాయలు మాత్రం పాత ప్రమాణంలోనే ఉండిపోయాయి. మన దేశంలో ఇండ్ ఏఎస్ 16, సవరించిన ఏఎస్ 10 అదే దారి పట్టాయి. అంటే ఏ కంపెనీ అయినా కొబ్బరితోట పెడితే చెట్టుకు తరుగు కట్టాల్సిందే. అంబాజీపేట చుట్టుపక్కల ఇంటింటికీ ఉన్న తోటకు మాత్రం ఆ లెక్క వేసినవాళ్లు లేరు. తరగతిలో ఏఎస్ 10 పేరు వస్తుంది, చెట్టు రాదు. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన గోదావరి గంగ లాంటి సంకర రకం త్వరగా కాపుకొస్తుంది. త్వరగా కాసే మొక్కకూ, ఎక్కువకాలం నిలిచే చెట్టుకూ మధ్య ఏది లాభమన్నది డబ్బు కాలవిలువ నేర్చుకున్న పిల్లలు ఒక పూటలో తేల్చగల ప్రశ్న.

1996 నవంబరు 6 తుపాను ఈ లెక్క ఎంత అవసరమో చూపించింది. కోనసీమలో నేలకొరిగిన కొబ్బరిచెట్లతో ఊళ్ల రూపమే మారిపోయింది. పడిపోయిన చెట్టు విలువ ఎంత? దూలానికి వచ్చే డబ్బా, కొత్త మొక్క నాటే ఖర్చా, ఇంకా ముప్పై ఏళ్లు కాయాల్సిన కాయల నేటి విలువా? ఈ మూడు జవాబుల మధ్య ఉన్న దూరం ఒక కుటుంబం కోలుకోవడానికీ కోలుకోకపోవడానికీ మధ్య దూరం. తోటకు పద్దే లేనప్పుడు పరిహారం అడిగేవాడి చేతిలో ఏ అంకె ఉంటుంది?

కొన్నిచోట్ల మాత్రం పాఠ్యపుస్తకానికి తెలియకుండానే అది కోనసీమ గురించి మాట్లాడుతుంది. కన్‌సైన్‌మెంట్ ఖాతాలు అలాంటి అధ్యాయం. ఒక ఊరి వ్యాపారి సరుకును ఇంకో ఊరి ఏజెంటుకు పంపుతాడు. అమ్మకం దాకా సరుకు పంపినవాడిదే. ఏజెంటు కమిషన్ తీసుకుని లెక్క పంపుతాడు. దారిలో సహజంగా తగ్గే సరుకు ఖర్చు మిగిలిన సరుకు మీద పడుతుంది, ప్రమాదంలో పోయింది విడిగా లాభనష్టాల ఖాతాకు పోతుంది. అంబాజీపేట నుంచి ఉత్తరాది మార్కెట్లకు వెళ్లే కొబ్బరి లారీకి ఈ అధ్యాయం అతికినట్టు సరిపోతుంది. వెయ్యి కాయల ధర, దింపు కూలి, ఒలుపు కూలి, లోడింగు, కిరాయి, దారిలో పగిలినవి, మొలకొచ్చినవి అన్నీ ఇందులో ఉన్నాయి. పుస్తకంలో మాత్రం కలకత్తా వ్యాపారి బొంబాయి ఏజెంటుకు సైకిళ్లో, రేడియోలో పంపుతాడు. సైకిలు దారిలో ఎండదు, మొలకెత్తదు. సహజ నష్టానికీ అసాధారణ నష్టానికీ తేడా పిల్లలకు ఎందుకు పట్టుబడదో నాకు ఇక్కడ అర్థమవుతుంది. ఆ తేడా పుట్టింది పాడయ్యే సరుకులోంచి, నేర్పేది పాడవని సరుకుతో.

కురిడీ ఇంకో పాఠం. కాయను ఒలవకుండా అటక మీద నెలల తరబడి నిలవ ఉంచితే లోపల కొబ్బరి దానంతటదే ఎండి చిప్పను వదిలేస్తుంది. అది వ్యాపారి సొమ్ము అటక మీద కూర్చున్న కాలం. మార్చి 31న లెక్కలు ముగించేటప్పుడు ఆ నిలవకు ఏ ధర వెయ్యాలి? పచ్చి కాయగా కొన్న ధరా, సగం ఎండిన కాయకు ఈ రోజు వచ్చే ధరా? కొన్న ఖర్చు, అమ్మితే నికరంగా వచ్చేది, ఈ రెండింట్లో తక్కువది వెయ్యమని ఏఎస్ 2 చెబుతుంది. ఒకే వాక్యంలో ఉన్న ఆ సూత్రాన్ని పిల్లలు బట్టీ పడతారు. అటకెక్కి చూస్తే అర్థమైపోతుంది. అక్కడితో ఆగదు కూడా. కొబ్బరికాయకు, పచ్చిదైనా ఎండుదైనా, జీఎస్టీ లేదు. నూనె మిల్లుకు వెళ్లే ఎండు కొబ్బరి మీద 5 శాతం ఉంది. ఏది కాయ, ఏది మిల్లు కొబ్బరి అన్న సందేహం దేశవ్యాప్తంగా ఎంత పెరిగిందంటే 2021లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ప్రత్యేకంగా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. జీఎస్టీ పేపరుకు అమలాపురంలో ఇంతకన్నా దగ్గరి కేసు లేదు.

ఆదాయపు పన్ను పేపర్లో దూరం ఇంకా బాధగా కనిపిస్తుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని పిల్లలు చదువుతారు. ఆపైన మిశ్రమ ఆదాయం వస్తుంది: తేయాకు పండించి తయారుచేసేవాడి ఆదాయంలో 60 శాతం వ్యవసాయం, 40 శాతం వ్యాపారం. రబ్బరుకు 65, 35. కాఫీకి ఇంకోటి. వీటి మీద లెక్కలు పరీక్షలో వస్తాయి. అస్సాం తేయాకు నిష్పత్తి నోటికొచ్చిన పిల్లాణ్ణి, మీ నాన్న కాయలు కురిడీ చేసి అమ్మితే ఆ మిగులు మొత్తం వ్యవసాయ ఆదాయమేనా అని అడిగితే ఆలోచనలో పడతాడు. పంటను మార్కెట్టుకు పనికొచ్చేలా చెయ్యడానికి సాగుదారు మామూలుగా చేసే పని అయితే అది వ్యవసాయంలో భాగమేనని చట్టం అంటుంది. కురిడీ ఆ మామూలు పనే కదా అని వాదించవచ్చు, ఊళ్లో కొని నిలవ చేసే వ్యాపారికి అది వర్తించదనీ చెప్పవచ్చు. తరగతి గది వేడెక్కాల్సిన చర్చ ఇది.

పన్ను లేకపోవడం వల్ల చేని పద్దుకు ఒక పెద్ద నష్టం జరిగింది. వ్యాపారి లెక్క రాయకపోతే అధికారి అడుగుతాడు. రైతును ఎవరూ అడగరు. అడిగేవాడు లేని లెక్క రాతలోకి రాదు. చేని పద్దు లోపాలు ఇక్కడ్నుంచి మొదలవుతాయి, వాటిని దాచడం న్యాయం కాదు. తరగతిలో మొదటి వారం నేర్పే సూత్రం, వ్యాపారం వేరు యజమాని వేరు అన్నది, పల్లెలో చెల్లదు. యూరియా, అమ్మాయి ఫీజు, పెళ్లి చీరలు ఒకే అప్పులో కలిసిపోతాయి. పంట నష్టపోయిందా ఇల్లు ఎక్కువ ఖర్చుపెట్టిందా అన్నది రైతుకే తెలియదు. వడ్డీ సంగతి మరీ ఘోరం. ఒక నమూనా వేసి చూద్దాం. రెండెకరాల రైతు జులైలో 20,000 రూపాయల ఎరువులు, మందులు అరువు తెచ్చాడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. డిసెంబరులో ధాన్యం అరువిచ్చిన వ్యాపారికే వేశాడు. అయిదు నెలల వడ్డీ 2,000. అప్పుంది కాబట్టి వ్యాపారి బస్తాకు 25 రూపాయలు తగ్గించి తీసుకున్నాడు, 50 బస్తాల మీద 1,250. రైతు మనసులో వడ్డీ ఏడాదికి 24 శాతం. నిజానికి ఇచ్చింది 39 శాతం. ఈ 15 శాతం తేడా ఏ పుస్తకంలోనూ వడ్డీ పేరుతో కనిపించదు, ధర తగ్గింపులో దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగగలిగింది పాఠ్యపుస్తకం ఇచ్చే క్రమశిక్షణే. తరగతి పద్దును నేను గౌరవించేది ఇందుకే. అది మనిషిని తన డబ్బుకు ఎదురుగా నిలబెడుతుంది.

ఇప్పుడు 2011కు వెళదాం. ఆ ఏడాది సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. అంకెలు నమూనావే, తర్కం చూడండి. ఎకరాకు 75 కిలోల బస్తాలు 25 పండాయి. మద్దతు ధర పూర్తిగా దక్కినా వచ్చేది 20,250. సాగు ఖర్చు 14,000 అనుకుందాం. సొంత పొలమైతే 6,250 మిగిలింది. కౌలు పొలమైతే, కౌలు పది బస్తాలనుకుంటే 8,100 పోయి, 1,850 నష్టం. ఒకే చేను, ఒకే వాన, ఒకే ధర. ఒకరికి నడపమంటుంది లెక్క, ఇంకొకరికి ఆపమంటుంది. సొంత పొలం రైతు కూడా ఆ పొలాన్ని కౌలుకిచ్చి ఉంటే పది బస్తాలు కదలకుండా వచ్చేవి కదా. అది తల్చుకుంటే అతని మిగులూ నష్టమే.

ఢిల్లీ పట్టికలు చెప్పేది సరిగ్గా ఇదే. చేతి నుంచి పోయిన ఖర్చుకు, కట్టిన కౌలు కలిపితే ఏ2. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి కడితే ఏ2 ప్లస్ ఎఫ్ఎల్. సొంత భూమికి అద్దె, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. 2018-19లో కేంద్రం ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ధర ఇస్తున్నామంది. ఆ ఖర్చు ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, వరికి క్వింటాలుకు 1,166. ధర 1,750 అయింది. రైతు సంఘాలు సీ2 లెక్కన 1,560కి ఒకటిన్నర రెట్లు 2,340 అడిగాయి. తేడా 590, బస్తాకు 440 పైచిలుకు. 2025-26లోనూ అదే పద్ధతి: 1,579 ఖర్చు, 2,369 ధర. ఏ ఖర్చును ఖర్చంటాం అన్న ఒక్క నిర్ణయం మీద కోట్ల కుటుంబాల ఆదాయం వేలాడుతోంది. కాస్ట్ షీట్ అధ్యాయంలో ప్రైమ్ కాస్ట్, వర్క్స్ కాస్ట్, టోటల్ కాస్ట్ అని మెట్లు నేర్పుతారు. ఏ2 నుంచి సీ2 దాకా ఉన్న మెట్లు వాటికి సాటివే. దేశ రాజకీయాల్లో నిత్యం నలిగే కాస్ట్ షీట్ ఇదొక్కటే అయినా తరగతిలో దానికి చోటు దొరకలేదు.

అయితే షట్‌డౌన్ లెక్కను తెచ్చి పంట విరామానికి అతికించేస్తే సరిపోదు. పుస్తకం లెక్క ప్రకారం సొంత పొలం రైతులు ఆపకూడదు. వాళ్లూ ఆపారు. ఎందుకంటే పుస్తకంలో ధర, దిగుబడి రెండూ ముందే ఇచ్చేస్తారు. కోనసీమలో మురుగు కాలువలు పూడిపోయిన చోట ఖరీఫ్ చేను ఎప్పుడు మునుగుతుందో తెలియదు, మునగకపోయినా తేమ పేరు చెప్పి కోత పడ్డాక చేతికొచ్చేది మద్దతు ధర కాదు. మూడేళ్లకొకసారి మునిగే చేనుకు 25 బస్తాల దిగుబడి రాయడమే తప్పు. పంట విరామం ఒక విన్నపం కూడా. కాలువలు బాగుచెయ్యండి, ధర చూడండి అని ప్రభుత్వాన్ని నిలదీసిన పద్ధతి. ఈ పేరుతో కాస్ట్ షీట్‌లో గడి లేదు. మాస్టారు ఫ్యాక్టరీ లెక్క పక్కన ఈ కథ చెప్పి ఉంటే పిల్లలకు సూత్రం బలమూ తెలిసేది, దాని హద్దూ తెలిసేది.

సీఏ చదివేవాళ్లకు ఈ లోటు లేదంటారు కొందరు. 55 శాతం మార్కులున్న కామర్స్ డిగ్రీ పిల్లలు ఫౌండేషన్ రాయకుండా నేరుగా ఇంటర్మీడియట్‌కు వెళ్లవచ్చు. 2023 నుంచి రెండేళ్లయిన ఆర్టికల్‌షిప్‌లో రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్ల అసలు వోచర్లు ముట్టుకుంటారు. అది నిజమైన లాభమే. కానీ ఆ చదువు కూడా మిల్లు గేటు దగ్గరే మొదలవుతుంది. మిల్లు పుస్తకంలో రైతు ఏడాది కష్టమంతా కొనుగోళ్లు అన్న ఒక్క పద్దు. దాని వెనక్కి చూడగలిగిన స్థానంలో ఉన్నది ఇంటి నుంచి బస్సెక్కి కాలేజీకొచ్చే బీకాం పిల్లలే.

వాళ్లలో చాలామంది హైదరాబాదుకో, రాజోలు వైపువాళ్లయితే గల్ఫుకో వెళ్లిపోతారు, చేని లెక్క వాళ్లకెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. పనికొచ్చేది లెక్క వేసే అలవాటు. చెప్పని ఖర్చును వెతకడం, ధరలో దాగిన వడ్డీని పట్టుకోవడం దుబాయ్ ఆఫీసులోనూ కావాలి. ఇంకో మాట కూడా ఉంది, అది ఉద్యోగానికి సంబంధించింది కాదు. తల్లి కలుపు తీసిన రోజులకు ఎఫ్ఎల్ కింద కూలి కట్టి చూసిన కూతురికి ఆ ఇంటి ఆదాయం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో అంకెల్లో తెలుస్తుంది. నాకు ఇది చిన్న విషయంగా కనపడదు.

దీనికి కొత్త సిలబస్ అక్కర్లేదు. మొదటి ఏడాది ముగిశాక డిగ్రీ పిల్లలందరూ సమాజ సేవా ప్రాజెక్టు చెయ్యాలన్న నియమం ఇప్పటికే ఉంది. కామర్స్ పిల్లలు ఆ ప్రాజెక్టుకు తమ ఊళ్లోనే ఒక ఎకరం చేనో, ఒక కొబ్బరితోటో, ఒక రొయ్యల చెరువో ఎంచుకుని ఏడాది పద్దు రాయవచ్చు. ముఖ్యంగా కౌలు చేను. మొదటి చిక్కు తేదీతోనే వస్తుంది. మార్చి 31న పుస్తకం మూస్తే దాళ్వా (రబీ) వరి ఇంకా చేలోనే ఉంటుంది. కోయని పంటకు విలువ కట్టాలి, లేదా లెక్కల ఏడాదినే మార్చుకోవాలి. మార్చుకోవడమే మేలని నా అభిప్రాయం. పరీక్షలయ్యే నాటికి దాళ్వా ధాన్యం అమ్ముడుపోయి ఉంటుంది, పాత అప్పులు తేలి ఉంటాయి, ఖరీఫ్ కౌలు ఎన్ని బస్తాలన్న బేరం ఊళ్లో అప్పుడే మొదలవుతుంది. జూన్ ఒకటిన ఆ బేరాన్నే మొదటి పద్దుగా రాసి పుస్తకం తెరవాలి.